కుచ్చులు వేయబడును

మా వీధి మలుపులో ఒక చిన్న షాపుంది. అద్దాల వెనక లైనింగ్ బట్టలు, గోడ నిండా దారపు రీళ్లు, గుమ్మం పైన ఒక బోర్డు: "ఇచ్చట చీరలకు ఫాల్స్, పీకో, కుచ్చులు వేయబడును." ఇలాంటి బోర్డు మీరూ చూసే ఉంటారు. హైదరాబాదులోనే కాదు, గుంటూరులో, వరంగల్లులో, తిరుపతిలో ఏ బట్టల బజారుకు వెళ్లినా ఇదే వాక్యం. ఏళ్ల తరబడి చదివాను గాని అందులో ఒక మాట తక్కువైందని నాకు తట్టలేదు. వేయబడును, సరే. ఎవరు వేస్తారు?

కర్మణి ప్రయోగం మన నోటి తెలుగుది కాదు. ఇంట్లో ఎవరమూ "అన్నం వండబడినది, తినడానికి రండి" అనం. ఆఫీసు నోటీసుల్లో, షాపు బోర్డుల్లో మాత్రం అది హాయిగా బతుకుతోంది. చేసేవాళ్ల ఊసెత్తకుండా పని జరుగుతుందని చెప్పడానికి అంత వీలైన వాక్యం మరొకటి లేదు మరి. ఆ బోర్డులో లేని కర్త నాకు అనుకోకుండా ఎదురైంది.

మా అక్క కూతురి పెళ్లికని కొన్న పట్టుచీరను కుచ్చుల కోసం ఆ షాపులోనే ఇచ్చాను. పూసలతో వేసే రకానికి 350 రూపాయలన్నారు, బేరం ఆడకుండా ఒప్పుకున్నాను. మూడు రోజుల తర్వాత మా సంఘం పనిచేసే బస్తీలో పొదుపు పుస్తకాలు చూడటానికి ఒకరింటికి వెళ్లాను. మంచం మీద పాత దుప్పటి పరిచి, దాని మీద పరిచి ఉంది నా చీర! ఆమె మెడ వంచుకుని పని చేస్తోంది, పక్కన పదేళ్ల కూతురు అట్టముక్కకు దారం చుట్టి అందిస్తోంది. చీర నాదేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎంతిస్తారని మాత్రం అడిగాను.

"ఎనభై ఇస్తరక్కా. పూసలు నావే, దారం నాదే."

350కి 80. అందులోంచే పూసలు, దారం, సూది. ఆ పూట నేను పొదుపు పుస్తకాలు సరిగ్గా చూడలేదు.

అసలు కుచ్చు ఎందుకొచ్చిందో ముందు చెప్పుకోవాలి. మగ్గం మీద చీర అయిపోయాక కోస్తే, కోసిన చోట పడుగు పోగులు జానెడో బెత్తెడో నేయకుండా మిగులుతాయి. అలాగే వదిలేస్తే చివరి పేక పోగు జారుతుంది, దాని వెంట ఇంకొకటి, నాలుగు ఉతుకులు అయ్యేసరికి కొంగు విడిపోవడం మొదలవుతుంది. అందుకని ఆ పోగుల్ని చిన్న చిన్న పాయలుగా తీసి, పేని, ముడి వేస్తారు. అంటే కుచ్చు మొదట సింగారం కాదు, కాపలా. నేసినవాడి కష్టం ఊడిపోకుండా పట్టుకునే ముడి. బట్ట చివర వేలాడే ఈ పోగుల్ని సంస్కృతంలో దశ అంటారు. దీపంలో వత్తినీ దశే అంటారు, మనిషి బతుకులో ఒక అవస్థనూ దశే అంటారు. మనం నడుము దగ్గర దోపుకునే కుచ్చిళ్లు కూడా ఈ కుచ్చుకు చుట్టమే.

కాపలా పని చేసే ముడి అలంకారమయ్యాక దానికి చాలా అర్థాలు పట్టుకున్నాయి. వాటిలో ఎక్కువ భాగం హోదాకు సంబంధించినవే. పల్లకీకి కుచ్చులు, దొరగారి గుర్రపు జీనుకు కుచ్చులు, తలపాగాకు తురాయి. నిజాం కాలంలో హైదరాబాదు పెద్దమనుషులు షేర్వానీ మీద పెట్టుకున్న రూమీ టోపీకి నల్లటి కుచ్చు. ఆ టోపీ పుట్టిల్లయిన తుర్కీలో 1925లో చట్టం చేసి దాన్ని నిషేధించారు గాని, ఇక్కడ చాలాకాలం దర్జాగా బతికింది. అమెరికాలో పట్టం పుచ్చుకునేటప్పుడు టోపీ కుచ్చును కుడివైపు నుంచి ఎడమవైపుకు మార్చుకోవడం ఒక ఆచారం. ఇప్పుడు మన ప్రైవేటు స్కూళ్లు యూకేజీ పిల్లలకు కూడా ఆ టోపీ పెట్టి ఫొటోలు తీయిస్తున్నాయి. దానికి వేరే ఫీజు.

ఆడదాని ఒంటి మీద కుచ్చుకు ఇంకో రకం అర్థం. జడకు మూడు కుచ్చులు, వాటిపైన వెండి కుప్పెలు. అది ఎదిగిన పిల్ల అని, ముత్తైదువ అని చెప్పే గుర్తు. మా అమ్మమ్మ జడకుచ్చులు చిన్నప్పుడు నేను చాలాసార్లు చేత్తో పట్టుకుని ఊపాను. తాతయ్య పోయాక పదకొండో రోజున గాజులు, బొట్టు, పువ్వులతోపాటు అవీ వెళ్లిపోయాయి. కుప్పెల్ని కంసాలి దగ్గర కరిగించి ఎవరికో మెట్టెలు చేయించారు. అంటే మన కుచ్చు మనది కాదన్నమాట. మన పక్కన ఎవరున్నారో దాన్నిబట్టి వస్తుంది, పోతుంది.

దీనికి భిన్నమైన చోటు ఒకటుంది. తండాల్లో లంబాడీ స్త్రీలు అద్దాలు, గవ్వలు, ఊలు కుచ్చులతో తమ బట్టలు తామే కుట్టుకునేవాళ్లు. తల్లి దగ్గర కూతురు నేర్చుకునేది. అక్కడ కుచ్చు వేసినామె, వేసుకున్నామె ఒక్కరే. వేసేవాళ్లు ఒకరు, వేసుకునేవాళ్లు ఒకరు అయిన తర్వాతే మధ్యలో షాపు వచ్చింది.

ఇక ఈ పనిలో శ్రమ ఎంతో చూద్దాం. చీరకు కుచ్చులు వేయడం తెలియనివాళ్లకు ఇది కూచుని కబుర్లు చెప్పుకుంటూ చేసే పనిలా కనిపిస్తుంది. కొంగు వెడల్పు సుమారు 45 అంగుళాలు. అరంగుళానికి ఒక కుచ్చు అనుకుంటే 90 కుచ్చులు. ఒక్కొక్కదానికి అట్టముక్క మీద దారం లెక్కపెట్టి చుట్టాలి. పైన ముడి వేసి, కింద కత్తిరించాలి. మెడ దగ్గర జరీ దారంతో బిగించి, పూస ఎక్కించి, చీర అంచుకు కనబడకుండా కుట్టాలి. ఆఖర్న అన్నిటినీ ఒకే పొడవు వచ్చేలా కత్తిరించాలి. ఒకటి పొట్టయితే మొత్తం వరస కంటికి వంకరగా కనబడుతుంది. క్రోషా సూదితో అల్లే రకమైతే రెట్టింపు కాలం. పట్టుచీర కనుక చెమట చెయ్యి తగలకూడదు, నూనె మరక పడకూడదు, పసిబిడ్డ పక్కకు రాకూడదు. ఒకే గదిలో పొయ్యి, పడక, బడి పుస్తకాలు, ఇంకొకరి 12,000 రూపాయల చీర!

గంటలెన్ని పడతాయంటే ఆమె నవ్వింది. "గంటలెక్క ఎవరు పెడ్తరక్కా? పిల్లలు బడికి పోయినంక కూసుంట. నీళ్లొస్తే లేస్త. మల్ల రాత్రి వంటయినంక కూసుంట." ఆ తర్వాత వారంలో మేమిద్దరం కలిసి గోడ గడియారం చూస్తూ లెక్క పెట్టాం. పూసల కుచ్చుల చీర ఒకటి మొదలుపెట్టి పూర్తిచేసేసరికి, లేచిన సమయాలు తీసేస్తే, అయిదు గంటలకు పైనే పట్టింది. దారానికి, పూసలకు 20 రూపాయలు పోతే మిగిలింది 60. గంటకు 12 రూపాయలు. 2024-25లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ పనికి ప్రకటించిన రోజుకూలి 300 రూపాయలు. ఆ కూలి కూడా సరిపోదని మన సంఘాలే ఎన్నోసార్లు అన్నాయి.

మరి ఎందుకు చేస్తున్నావు, వేరే పనికి పోవచ్చు కదా అని అడగడం తేలిక. ఆమె భర్త ఆటో నడుపుతాడు, భార్య బయట పనికి వెళ్లడం ఆయనకు ఇష్టం లేదు. అత్తగారికి పక్షవాతం. చిన్న పిల్లను వదిలేచోటు లేదు. "ఇంటిపట్టునే ఉంటది, నాలుగు పైసలొస్తయి" అని ఆయన మాతో గర్వంగానే అన్నాడు. ఆ 'ఇంటిపట్టునే' అన్న మాట దగ్గరే కూలి పడిపోతోంది. ఇంట్లో ఉన్న మనిషికి ఎలాగూ తీరిక ఉంటుంది, తీరిక సమయంలో చేసిన దానికి ఎంతిచ్చినా లాభమే అన్నది లెక్క. షాపువాడి లెక్కా అదే, భర్త లెక్కా అదే. చాలాసార్లు ఆమె లెక్కా అదే.

ఈ లెక్క కొత్తది కాదు. నర్సాపురం లేసు అల్లికల మీద మారియా మీస్ రాసిన పుస్తకం 1982లో వచ్చింది. మన ఉద్యమాల్లో పాతవాళ్లు చాలామంది చదివే ఉంటారు. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు పేద స్త్రీలకు నేర్పిన ఆ అల్లిక గోదావరి జిల్లాలో ఇంటింటికీ పాకి విదేశాలకు ఎగుమతయ్యే సరుకైంది. అల్లే లక్షల చేతులు ఆడవాళ్లవి, ఎగుమతి చేసేవాళ్లు దాదాపు అందరూ మగవాళ్లు. రోజుకు ఎన్నో గంటలు అల్లే ఆడవాళ్లను 'గృహిణులు' అన్నారు, వాళ్ల పనిని 'తీరిక వేళల వ్యాపకం' అన్నారు. మీస్ గమనించిన ఇంకో సంగతి నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. గడప దాటకుండా లేసు అల్లే కాపు స్త్రీలకంటే పొలం కూలికి వెళ్లే దళిత స్త్రీలు ఎక్కువ సంపాదించేవాళ్లు. అయినా గౌరవం గడప లోపలే ఉంది. ఆ గౌరవానికి ధర ఎంతో కడితే, అది లేసు వ్యాపారి లాభంలో తేలుతుంది. నర్సాపురం క్రోషా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లేసుకు గుర్తింపు వచ్చింది, సంతోషమే. అల్లే మనిషిని కార్మికురాలిగా గుర్తించే సంగతి ఆ ముద్రలో ఉండదు.

ఇక్కడ మన గురించి, అంటే నాలాంటివాళ్ల గురించి ఒక మాట చెప్పక తప్పదు. కొంతమంది మిత్రులకు ఇది కష్టం కలిగించవచ్చు.

ఆ బస్తీలో కుచ్చుల పని నేర్పింది మేమే. ఒక పథకం కింద డబ్బొచ్చింది, 40 మందికి శిక్షణ ఇచ్చాం. బ్యూటీషియన్ కోర్సా, టైలరింగా, కుచ్చులా అని చర్చ జరిగినప్పుడు కుచ్చులకే నేనూ చెయ్యెత్తాను. మిషను కొనక్కర్లేదు, బయటికి వెళ్లక్కర్లేదు అన్నది నా వాదన. అంటే ఆ ఆటో నడిపే భర్త వాదనే! ఆఖరి రోజు సర్టిఫికెట్లిచ్చాం, ఫొటో దిగాం, నివేదికలో "40 మంది మహిళలు స్వయం ఉపాధి పొందారు" అని రాశాం. రాసింది నేనే.

ఈ లెక్కల సంగతి తేలాక ఏర్పాటు చేసిన సమావేశంలో ఒక పెద్దామె లేచింది. మా శిక్షణకు ముందునుంచీ ఆ పని చేస్తున్నామె. "మేం పదిమందిమి ఉన్నప్పుడు సేటు నూట ఇరవై ఇచ్చేటోడు. మీరు ఇంత మందికి నేర్పినంక ఎనభైకి దిగిండు. వద్దంటే ఇంకో గల్లీల చేసేటోళ్లున్నరంటడు. మీరు మంచికే చేసిన్రు, మేం కాదంటలేం." అంతే అని కూచుంది.

నాకు జవాబు లేదు. శిక్షణ ఇవ్వడం మాకొచ్చు గాని, రేటు గురించి ఒక్క పూటైనా మాట్లాడలేదు. ఒకే బస్తీలో, ఒకే రెండు మూడు షాపుల కోసం, ఒకే పని 40 మందికి నేర్పితే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఆర్థికశాస్త్రం చదవక్కర్లేదు, సంతకెళ్లి టమాటాలు కొన్నా తెలుస్తుంది. పైగా వాళ్లను 'స్వయం ఉపాధి' అన్నాం. చీర వాళ్లది కాదు, గిరాకీ వాళ్లది కాదు, రేటు వాళ్లు పెట్టింది కాదు, గడువు వాళ్లు చెప్పింది కాదు. ఇందులో 'స్వయం' ఎక్కడుంది? పూసలు, దారం మాత్రం స్వయం. ఎవరినైనా మోసగిస్తే కుచ్చుటోపీ పెట్టారంటాం. ఈ టోపీ పెట్టడంలో మా చెయ్యి కూడా ఉంది.

మాకు ఇదంతా చట్టం దాకా వెళ్లవలసి వచ్చింది మరకపడ్డ చీర వల్ల. మా బస్తీలోనే ఇంకొకామె వేసిన చీర మీద జిగురు మరక పడింది. షాపువాడు చీర తీసుకోలేదు, ధర 6,500 కట్టమన్నాడు. డబ్బు లేదు కనుక, ఆ అప్పు తీరేదాకా కూలి లేకుండా కుచ్చులు వేయాలన్నాడు. మేం వెళ్లి అడిగితే ఆయన చెప్పింది ఒక్కటే: "ఆమె నా దగ్గర పనిచేసే మనిషి కాదమ్మా, ఇంట్లో చేసుకునే మనిషి. నాకూ ఆమెకూ ఏం సంబంధం?" సంబంధం లేని మనిషిచేత వెట్టి చేయించుకోవచ్చునని ఆయన ధీమా.

సంబంధం ఉందని మన కోర్టులు ఎప్పుడో చెప్పాయి. 1973లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు మన ప్రాంతానిదే, తెలంగాణ ప్రాంతపు దుకాణాల చట్టం కింద వచ్చినది. ముక్కకింత అని కుట్టే దర్జీలు ఉద్యోగులా, కాదా అన్నది ప్రశ్న. వాళ్లకు పని వేళలు లేవు, కొందరు గుడ్డ ఇంటికి తీసుకెళ్లి కుట్టేవాళ్లు. అయినా వాళ్లు ఉద్యోగులేనని కోర్టు తేల్చింది. చెప్పినట్టు కుట్టకపోతే తిప్పికొట్టే హక్కు యజమానికి ఉందంటే, ఆ పని మీద అదుపు ఆయనదేనని అన్నది. ఆ దర్జీలు కుట్టే మిషన్లు షాపువి, మనవాళ్ల సూదీ దారం వాళ్లవే కదా అని ఎవరైనా తేడా చూపించవచ్చు. అలాంటివాళ్ల కోసం 1985 నాటి పి.ఎం. పటేల్ అండ్ సన్స్ తీర్పు ఉంది. తమ ఇళ్లలో కూచుని బీడీలు చుట్టేవాళ్లకు కూడా ప్రావిడెంట్ ఫండ్ వర్తిస్తుందని అందులో చెప్పారు. అక్కడా ఆధారం అదే: బాగోలేని బీడీని ఏరి పారేసే హక్కు ఎవరిదో వాడే యజమాని. మరకపడ్డ చీర తిప్పికొట్టిన క్షణానే మా షాపాయన తనకు ఆమెతో ఉన్న సంబంధాన్ని తనే రుజువు చేసుకున్నాడన్నమాట!

బీడీ అక్కచెల్లెళ్ల సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. నిజామాబాదు, కరీంనగర్ ప్రాంతాల్లో బీడీలు చుట్టే స్త్రీల ఊపిరితిత్తుల గతి ఏమిటో మనకు తెలుసు, ఆకు తక్కువిచ్చి మోసం చేసే కార్ఖానాలూ తెలుసు. అది మంచి పని అని నేననడం లేదు. అయినా 1966లో వాళ్లకంటూ ఒక చట్టం వచ్చింది, అందులో ఇంట్లో పనిచేసేవాళ్లను కూడా లెక్కలోకి తీసుకున్నారు. గుర్తింపు కార్డు ఉంది, పి.ఎఫ్. నంబరు ఉంది. తెలంగాణలో ఆసరా పింఛన్లలోకి బీడీ కార్మికులను తీసుకోగలిగారంటే ఆ నంబరు చేతిలో ఉండబట్టే. కుచ్చులు వేసే ఆమె చేతిలో తన పని తాలూకు చిన్న కాగితం ముక్క కూడా లేదు.

ఇంతకంటే బాధించే విషయం ఇంకొకటుంది. 1948 నాటి కనీస వేతనాల చట్టంలో ఉద్యోగి అనే మాటకు ఇచ్చిన నిర్వచనం చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఒక వ్యాపారి తన వ్యాపారం కోసం ఇచ్చిన వస్తువును ఇంటికి తీసుకెళ్లి తయారుచేసినా, ఉతికినా, మార్చినా, అలంకరించినా, తుది మెరుగులు దిద్దినా, ఆ బయటి పనివారు కూడా ఉద్యోగుల కిందికే వస్తారని అందులో ఉంది. అలంకరించినా! కుచ్చులు వేసేవాళ్లను ఎదురుగా కూచోబెట్టుకుని రాసినట్టుంది. డెబ్భై ఏళ్లకు పైగా ఆ మాట పుస్తకంలో ఉంది. ప్రభుత్వం షెడ్యూలులో చేర్చిన పనులకే ఆ చట్టం వర్తించేది కనుక, చేర్చమని అడగడం మన పని. దశాబ్దాలుగా బస్తీల్లో తిరుగుతున్న మేం ఆ పని చేయలేదు.

ఇప్పుడా చట్టం లేదు. 2019లో చేసిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది, పాత చట్టం రద్దయింది. కొత్తదానిలో షెడ్యూలు గొడవ తీసేశారు, కనీస వేతనం అన్ని రకాల ఉద్యోగాలకూ వర్తిస్తుందన్నారు. అది మంచిదే, మంచిని మంచిదనాలి. కాని ఉద్యోగి నిర్వచనంలోంచి ఇంటికి పని తీసుకెళ్లే ఆ బయటి పనివారు జారిపోయారు. చివర ముడి వేయని పోగులా. సామాజిక భద్రత కోడ్‌లో మాత్రం ఇంటి వద్ద పనిచేసే కార్మికులు అనే నిర్వచనం ఉంది, 2021లో మొదలైన ఈ-శ్రమ్‌లో పేరు రాయించుకోవచ్చు. మా బస్తీలో చాలామంది దగ్గర ఆ కార్డు ఉంది, బియ్యం డబ్బాలో రేషన్ కార్డుతోపాటు భద్రంగా దాచుకున్నారు. దాన్ని షాపువాడికి చూపిస్తే రేటు ఒక్క రూపాయి పెరగదు. ప్రమాదం జరిగితే, ముసలితనం వస్తే ఏదో ఇస్తామంటుంది ఒక కోడ్. చేతిలో చీర ఉన్నప్పుడు కూలి ఎంతన్న సంగతి దగ్గర ఇంకో కోడ్ మౌనంగా ఉంటుంది.

అయినా అదే వేతనాల కోడ్‌లో ఒక సందు ఉంది. ప్రభుత్వం ఎవరినైనా ఉద్యోగిగా ప్రకటిస్తే వాళ్లూ ఆ నిర్వచనం కిందికి వస్తారని అందులో రాసి ఉంది. అంటే ఇంటి వద్ద పనిచేసేవాళ్లను ఉద్యోగులుగా ప్రకటించడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ప్రభుత్వ ప్రకటన చాలు. ముక్కరేటు పనికి కనీస రేటు నిర్ణయించే వీలు కూడా ఆ కోడ్‌లో ఉంది. జరిమానాల మీద, కోతల మీద హద్దులున్నాయి. పాడైన సరుకుకు కూలి కోయాలంటే ముందు సంజాయిషీ అడగాలి. అన్ని కోతలూ కలిపి కూలిలో సగానికి మించకూడదు. ఈ లెక్కన ఆ 6,500 రూపాయల వెట్టి సాగదు.

1988లో ఇలా భట్ అధ్యక్షతన వచ్చిన 'శ్రమశక్తి' నివేదిక ఇంటి దగ్గర పనిచేసే స్త్రీల గురించి ఎంతో చెప్పింది. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపని కార్మికుల కోసం 177వ ఒడంబడికను ఆమోదించింది. మిగతా కూలీలతో సమానంగా వాళ్లను చూడాలన్నది దాని సారం. మన దేశం దాన్ని ఇంతవరకు ధృవీకరించలేదు. అది జరిగేదాకా చేతులు కట్టుక్కూచోలేం గనక మేం చిన్నగా ఒక పని మొదలుపెట్టాం.

ముందు పుస్తకాలు. ఒక్కొక్కరికీ ఒక రెండురూళ్ల పుస్తకం ఇచ్చాం. తేదీ, షాపు, చీర రకం, కుచ్చుల సంఖ్య, ఇస్తానన్న రేటు, ఇచ్చిన డబ్బు. కార్బన్ పెట్టి రాసి ఒక చీటీ షాపులో ఇవ్వాలన్నది మా ఆలోచన. చీటీ ఇస్తే పని ఆపేస్తారని భయపడి సగం మంది ఇవ్వలేదు, వాళ్లను తప్పు పట్టలేం. రాయడం రానివాళ్లకు పిల్లలు రాసిపెడుతున్నారు. పిల్లల చేత దారం చుట్టించడం గురించి మాత్రం మాలో మాకే గట్టి గొడవ జరిగింది. కుటుంబ వృత్తిలో బడి అయ్యాక పిల్లలు సాయం చేయవచ్చని 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించారు కదా అన్నది ఒకరి వాదం. ఇది కుటుంబ వృత్తి కాదు, షాపు పని అన్నది నా వాదం. రేటు నూట ఇరవైకి ఎక్కితే పిల్లను లేపి చదువుకోమని చెప్తానన్నది తల్లి వాదం. ఆమె ముందు మా ఇద్దరి వాదాలూ తేలిపోయాయి.

రెండోది, విడివిడిగా రేటు ఒప్పుకోవద్దని మూడు గల్లీల ఆడవాళ్లు కలిసి అనుకున్నారు. మామూలు ముడుల రకానికి ఇంత, పూసల రకానికి ఇంత, క్రోషాకు ఇంత, పూసలూ దారం షాపువాళ్లే ఇవ్వాలి. దీన్ని కూడా అందరూ ఒప్పుకోలేదు. మీటర్ల లెక్కన దొరికే రెడీమేడ్ కుచ్చుల లేసు తెచ్చి కుట్టేస్తారు, ఉన్నది పోతుందని ఒకామె అంది. ఆ భయం నిజమే. కాని పెళ్లి చీరకు రెడీమేడ్ లేసు కుట్టించుకునేవాళ్లు ఎవరున్నారు? పెళ్లిళ్ల కాలంలో బేరానికి బలం ఆడవాళ్ల చేతుల్లోనే ఉంటుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం. ఆ నెలల్లో అడగాలి, ఆషాఢంలో కాదు. ఈ సంగతి మాకు వాళ్లే చెప్పారు.

మరకపడ్డ చీర వ్యవహారం కూడా తేలింది. తీర్పుల సంగతి ఒక లాయరు మిత్రురాలి చేత తెలుగులో రాయించి, పదిహేను మందిమి వెళ్లి షాపులో కూచున్నాం. గిరాకీ వేళ. ఆయన ఆ చీరను డ్రైక్లీనింగ్‌కు ఇస్తే మరక చాలావరకు పోయింది. ఖర్చు సగం సగం అన్నారు. కుచ్చుల కూలి ఇచ్చేశాడు. అయితే ఆ తర్వాత ఆమెకు ఆ షాపు పని ఇవ్వలేదు, ఇంకో షాపు దొరికేదాకా నాలుగు నెలలు ఖాళీగా ఉంది. ఇది గెలుపని నివేదికలో రాయలేదు.

ఇప్పుడు కార్మికశాఖకు ఇవ్వడానికి ఒక విజ్ఞప్తి తయారు చేస్తున్నాం. చీరలకు కుచ్చులు, ఫాల్స్, పూసల పని, మగ్గం పని, లేసు అల్లిక, పూలు కట్టడం ఇళ్లలో చేసే స్త్రీలను వేతనాల కోడ్ కింద ఉద్యోగులుగా ప్రకటించాలని, ఒక్కొక్క రకానికి కనీస ముక్కరేటు నిర్ణయించాలని, పని ఇచ్చేవాళ్లు రాతపూర్వకంగా చీటీ ఇచ్చి తీరాలని అడగబోతున్నాం. రేటు ఎంతుండాలో చెప్పాలంటే ఒక్క హైదరాబాదు బస్తీ లెక్క చాలదు. మీ ఊళ్లో కుచ్చులకు షాపు ఎంత తీసుకుంటోంది, వేసినామెకు ఎంత చేరుతోంది, ఎన్ని గంటలు పడుతోంది, దారం ఖర్చు ఎవరిది, ఈ నాలుగూ అడిగి రాసి పంపండి. అడిగేటప్పుడు ఆమె పక్కన కూచుని గడియారం చూడండి, నోటి లెక్క రాయకండి. చెప్పేది ఎప్పుడూ తక్కువే చెబుతారు. పేర్లు అక్కర్లేదు, ఊరూ వీధీ చాలు. ధర్మవరం, పోచంపల్లి, వెంకటగిరి, మంగళగిరి మిత్రులు మగ్గం దగ్గరే కుచ్చులు ముడివేసే ఇంటి ఆడవాళ్ల లెక్క వేరుగా రాయాలి, అక్కడ ఆ పనికి కూలి అనేదే ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న. శ్రావణం లోపల అందితే విజ్ఞప్తితో జతపరుస్తాం.